టైటాన్ పరిశోధనలో పరారుణ వర్ణపట విశ్లేషణ

శని చుట్టూ 12 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరిగే టైటాన్, సౌరకుటుంబంలో దట్టమైన వాతావరణం ఉన్న ఒకే ఒక్క ఉపగ్రహం. వ్యాసం 5,150 కి.మీ.; బుధగ్రహం కంటే పెద్దది. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1655లో దీన్ని కనుగొన్నాడు. మామూలు కెమెరాకు ఇది నారింజ రంగు గోళంగానే కనబడుతుంది. కొండలు, లోయలు, ఏరులు ఏవీ ఆనవు. వాతావరణంలో పొరలు పొరలుగా పరుచుకున్న సేంద్రియ ధూళి వాటిని కప్పేస్తుంది. ఆ మసక చాటున ఎలాంటి నేల ఉంది, ఆ గాలిలో ఏ వాయువులు ఎంతెంత ఉన్నాయి, ఋతువుతో పాటు అవి ఎలా మారుతున్నాయి అన్న ప్రశ్నలకు దొరికిన జవాబుల్లో చాలా భాగం పరారుణ కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి చదవడం వల్ల వచ్చినవే. రాడార్, అతినీలలోహిత పరికరాలు, నేల మీద దిగిన హైగెన్స్ శోధక నౌక తక్కినవి చెప్పాయి.

ఈ కథంతా ఒక వాయువు చుట్టూ తిరుగుతుంది. అది మీథేన్. పరారుణంలో చాలా తరంగదైర్ఘ్యాల దగ్గర టైటాన్ నేలను మరుగుపరిచేది అదే. వాతావరణపు ఉష్ణోగ్రత కొలవడానికి ఆధారం అదే. నేలను చూడటానికి సన్నని సందులు వదిలింది కూడా అదే. అందువల్ల టైటాన్ విషయంలో వాతావరణ పరిశోధన వేరు, ఉపరితల పరిశోధన వేరు అనడానికి లేదు. గాలిని సరిగా లెక్కగట్టలేకపోతే నేల గురించి చెప్పే ఏ మాటకూ బలం ఉండదు.

రెండు రకాల వెలుగు

పరారుణ కిరణాలను విలియం హెర్షెల్ 1800లో గుర్తించాడు. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఎరుపుకు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట థర్మామీటరు పెడితే అది మిగతా రంగుల్లో కంటే ఎక్కువగా వేడెక్కింది. ఒక ఉపగ్రహం నుంచి మనకు చేరే పరారుణ కాంతి రెండు రకాలు. మొదటిది సూర్యుడి వెలుగే. నేల మీద, మబ్బుల మీద, ధూళి మీద పడి తిరిగి వచ్చేది. టైటాన్ విషయంలో సుమారు 5 మైక్రాన్ల లోపు తరంగదైర్ఘ్యాల్లో ఉండేది ప్రధానంగా ఇదే. శని దగ్గర ఎండ మన దగ్గర పడే ఎండలో దాదాపు 90వ వంతు మాత్రమే కాబట్టి ఈ వెలుగు చాలా మసకగా ఉంటుంది.

రెండోది ఉపగ్రహం తన వేడి వల్ల తానే వెదజల్లేది. పొయ్యి మీంచి దించిన పెనం చీకట్లో కంటికి ఆనదు గాని, అరచేయి దగ్గరికి పెడితే సెగ తగులుతుంది. ఉష్ణ పరారుణమంటే ఆ సెగే. టైటాన్ నేల ఉష్ణోగ్రత 94 కెల్విన్లు, అంటే మైనస్ 179 డిగ్రీల సెల్సియస్. అంత చలిలోనూ నేల, గాలి రెండూ సెగ చిమ్ముతూనే ఉంటాయి. కాకపోతే అది 30 మైక్రాన్ల చుట్టుపక్కల ఎక్కువగా ఉంటుంది. అంత బలహీనమైన సెగను పట్టుకోవాలంటే పరికరం కూడా బాగా చల్లగా ఉండాలి.

అణువుల గుర్తింపు వాటి కంపనాల మీద ఆధారపడుతుంది. అణువులోని పరమాణువుల మధ్య బంధాలు సాగుతూ, వంగుతూ ఉంటాయి. ఒక్కో అణువుకు తనవైన కంపన వేగాలు ఉంటాయి. ఆ వేగాలకు సరిపోయే తరంగదైర్ఘ్యాల్లోనే అది కాంతిని పీల్చుకుంటుంది, లేదా విడుదల చేస్తుంది. ఎసిటిలీన్ 13.7 మైక్రాన్ల దగ్గర, ఈథేన్ 12.2 దగ్గర, హైడ్రోజన్ సయనైడ్ 14 దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 15 దగ్గర బలమైన గుర్తులు చూపుతాయి. కంపనంతో పాటు అణువు గిరగిరా తిరగడం వల్ల ఒక్కో పట్టీ ఎన్నో సన్నని గీతలుగా చీలి ఉంటుంది. ఆ గీతల అమరిక, వెడల్పు, లోతు చూసి వాయువు పేరే కాక దాని ఉష్ణోగ్రతను, దాని మీదున్న పీడనాన్ని కూడా లెక్కగట్టవచ్చు.

అయితే ఈ పద్ధతికి పెద్ద లోటు ఒకటుంది. టైటాన్ గాలిలో సుమారు 95 శాతం నైట్రోజనే. రెండు ఒకేరకం పరమాణువులతో ఏర్పడిన నైట్రోజన్ అణువు కంపించినా దాని విద్యుదావేశపు సమతూకం మారదు. అందుకని అది పరారుణ కాంతిని పట్టించుకోదు. అణువులు దగ్గరగా ఒత్తుకుని ఒకదానికొకటి తగిలినప్పుడు మాత్రం దూర పరారుణంలో కొంత శోషణ కలుగుతుంది. టైటాన్ నేలను వెచ్చగా ఉంచే హరితగృహ ప్రభావంలో ఈ తాకిడి శోషణకు పెద్ద వాటా ఉంది. కాని నైట్రోజన్ ఉనికిని సూటిగా పట్టి చూపే పదునైన గీత మాత్రం ఈ వర్ణపటంలో దొరకదు. వాతావరణంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వాయువే కనబడకపోవడం వల్ల ముప్పై అయిదేళ్లకు పైగా ఎంత గందరగోళం నడిచిందో కింద చూద్దాం.

కైపర్ నుంచి వాయేజర్ దాకా

స్పెయిన్ ఖగోళవేత్త హోసె కోమాస్ సోలా 1907లో టైటాన్ బింబం అంచులు మధ్యభాగం కంటే మసకగా ఉన్నట్టు చూసి, దానికి వాతావరణం ఉండవచ్చని రాశాడు. ఋజువు దొరికింది మాత్రం 1943–44 చలికాలంలో. టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ వేధశాలలో 82 అంగుళాల దూరదర్శినితో పెద్ద ఉపగ్రహాల వర్ణపటాలు తీస్తూ వచ్చిన జెరార్డ్ కైపర్, టైటాన్ వర్ణపటంలో 0.62, 0.73 మైక్రాన్ల దగ్గర మీథేన్ పట్టీలు గుర్తించాడు. నిజానికి ఇవి ఎరుపు కాంతి అంచున ఉన్న పట్టీలు. కాని అవి మీథేన్ పరారుణ కంపనాల పై మెట్లే కాబట్టి ఈ పరిశోధన చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక ఉపగ్రహానికి వాతావరణం ఉందని వర్ణపటం సాక్షిగా తేలడం అదే మొదటిసారి.

1970లలో భూమ్మీది దూరదర్శినులతో 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య కొలతలు తీసినప్పుడు ఒక వింత కనబడింది. మీథేన్, ఈథేన్ గుర్తులు చీకటి గీతలుగా కాక వెలుగు గీతలుగా ఉన్నాయి. దీని అర్థం తెలియాలంటే ఉష్ణ పరారుణపు చిన్న సూత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. కింద వెచ్చగా, పైన చల్లగా ఉంటే పైనున్న వాయువు కింది సెగను పీల్చుకుంటుంది, గీత చీకటిగా పడుతుంది. పైన వెచ్చగా ఉంటే అదే వాయువు మెరుస్తుంది. అంటే టైటాన్ వాతావరణంలో పైపొర కింది పొర కంటే వెచ్చగా ఉందన్నమాట. అక్కడి మసక ధూళి ఎండను పీల్చి గాలిని వేడెక్కిస్తోంది. ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ప్రకారం 40 కి.మీ. ఎత్తున దాదాపు 70 కెల్విన్లకు పడిపోయే ఉష్ణోగ్రత, 200 కి.మీ. దగ్గరకు వచ్చేసరికి 170 దాటుతుంది.

ఇంత తెలిసినా నేల మీద గాలి పీడనం ఎంతో ఎవరికీ అంతుబట్టలేదు. కనబడేది మీథేన్ ఒక్కటే కాబట్టి, ఉన్నది అంతేనన్నవారి లెక్కలో పీడనం 20 మిల్లీబార్లు. కనబడని నైట్రోజన్ బోలెడంత ఉండవచ్చన్నవారి లెక్కలో 20 బార్లు. రెండు అంచనాల మధ్య వెయ్యి రెట్ల తేడా!

1980 నవంబరు 12న వాయేజర్-1 నౌక టైటాన్ పక్కగా వెళ్లినప్పుడు ఆ తగవు తీరింది. నౌక పంపిన రేడియో తరంగాలు వాతావరణంలో వంగిన తీరు, అతినీలలోహిత పరికరం పట్టిన నైట్రోజన్ వెలుగు కలిసి పీడనం 1.5 బార్లని, గాలిలో అధికభాగం నైట్రోజనని తేల్చాయి. అదే నౌక మీది ఐరిస్ అనే పరారుణ పరికరం నేల ఉష్ణోగ్రతను కొలిచింది. దాదాపు 19 మైక్రాన్ల దగ్గర గాలి కొంతవరకు పారదర్శకంగా ఉండటమే అందుకు వీలు కల్పించింది. నాసా గొడార్డ్ కేంద్రంలో రుడాల్ఫ్ హానెల్ బృందం తయారుచేసిన ఐరిస్ ఒక్క పలకరింపులోనే ప్రొపేన్, మిథైల్ ఎసిటిలీన్, డైఎసిటిలీన్, హైడ్రోజన్ సయనైడ్, సయనో ఎసిటిలీన్, సయనోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను పట్టి ఇచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, శని అయస్కాంత క్షేత్రంలోని ఎలక్ట్రాన్లు మీథేన్‌ను, నైట్రోజన్‌ను విరగ్గొడితే ఆ ముక్కలు మళ్లీ కలిసి ఏర్పడినవి ఇవి. వీటిలో హైడ్రోజన్ సయనైడ్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జన్యుపదార్థంలో ఉండే ఎడినైన్ వంటి అణువుల తయారీకి అది తొలి మెట్టు. నేలను మాత్రం వాయేజర్ కెమెరాలు చూడలేకపోయాయి.

ఐరోపా అంతరిక్ష సంస్థ 1995లో ప్రయోగించిన ఐసో దూరదర్శిని తర్వాత టైటాన్‌లో నీటి ఆవిరి గీతలను కూడా పట్టింది.

మీథేన్ వదిలిన కిటికీలు

నాలుగు హైడ్రోజన్ పరమాణువుల మధ్య ఒక కార్బన్ పరమాణువు ఉన్న మీథేన్ అణువుకు మూలకంపనాలు నాలుగు. వంగే కంపనాలు రెండు 6.5, 7.7 మైక్రాన్ల దగ్గర ఉంటాయి. సాగే కంపనాలు రెండు 3.3, 3.4 మైక్రాన్ల దగ్గర. ఇందులో గమనించవలసిన సంగతి: సాగే కంపనపు శక్తి, వంగే కంపనపు శక్తికి సుమారుగా రెట్టింపు. దాంతో ఒకసారి సాగడానికీ రెండుసార్లు వంగడానికీ కావలసిన శక్తి దాదాపు ఒకటే అవుతుంది. అన్ని రకాల కలయికలనూ ఇలా కూడుకుంటూ పోతే మీథేన్ శోషణ గీతలు వర్ణపటమంతటా సమంగా పరుచుకోకుండా గుంపులు గుంపులుగా, దాదాపు సమాన శక్తి దూరాల్లో పేరుకుంటాయి. శక్తి పెరిగేకొద్దీ గుంపులో గీతల సంఖ్య పెరుగుతుంది. కాని గుంపుకూ గుంపుకూ మధ్య మాత్రం ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీలే కిటికీలు. అవి సుమారు 0.94, 1.07, 1.28, 1.6, 2.0, 2.7–2.8, 5 మైక్రాన్ల దగ్గర ఉన్నాయి. తక్కిన చోట్ల మీథేన్ ఎండను మింగేస్తుంది. ఈ కిటికీల్లో మాత్రం వెలుగు నేలను తాకి తిరిగి పైకి రాగలదు. పైగా మసకలోని ధూళి కణాలు మైక్రాన్‌లో కొద్ది వంతు సైజువి. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ అవి వెలుగును చెదరగొట్టడం తగ్గుతుంది. అందువల్ల 5 మైక్రాన్ల కిటికీలో మసక దాదాపు అడ్డురాదు. కాని అక్కడ ఎండ కూడా బాగా తగ్గిపోతుంది. 0.94 దగ్గర ఎండ ఎక్కువే, మసకా ఎక్కువే. ఏ కిటికీ పూర్తిగా అనుకూలం కాదు. అన్నిటినీ కలిపి చదివితేనే అర్థం దొరుకుతుంది.

ఈ ఉపాయంతో 1994లో హబుల్ దూరదర్శిని టైటాన్ నేల మీద వెలుగు నీడలను మొదటిసారి పటంగా చూపింది. పీటర్ స్మిత్ బృందం గీసిన ఆ పటంలో ఆస్ట్రేలియా అంత మెరిసే ప్రాంతం ఒకటి బయటపడింది. తర్వాత దానికి జనాడు అని పేరు పెట్టారు. 1995లో హవాయిలోని బ్రిటిష్ పరారుణ దూరదర్శినితో తీసిన వర్ణపటాల్లో కైట్లిన్ గ్రిఫిత్ బృందం మబ్బులను పట్టింది. కిటికీ మధ్యలో కాకుండా అంచున, అంటే మీథేన్ కొద్దిగా అడ్డుకునే తరంగదైర్ఘ్యాల దగ్గర, ఉన్నట్టుండి వెలుగు పెరగడం ఆ గుర్తు. నేల నుంచి వచ్చే వెలుగు ఆ అంచున పైకి రాలేదు, మబ్బు ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని వెలుగు వస్తుంది. కిటికీ నడుమ నుంచి అంచు వైపు జరిగితే చూపు నేల నుంచి పైపొరలకు జరుగుతుందన్నమాట. వర్ణపటంతో ఎత్తు కొలిచే ఈ పద్ధతి కంటే సొగసైనది ఈ రంగంలో మరొకటి లేదనిపిస్తుంది.

కిటికీ ఉన్నంత మాత్రాన పని తేలిక కాదు. గుంపుల మధ్య ఖాళీలో కూడా బలహీనమైన మీథేన్ గీతలు లెక్కలేనన్ని ఉంటాయి. 1.6 మైక్రాన్ల కిటికీలో ఒక హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న మీథేన్ తన పట్టీతో కొంత అడ్డుపడుతుంది. ఆ గీతల బలం తెలియాలంటే భూమ్మీద ప్రయోగశాలలో కొలవాలి. అదీ మామూలు గది వేడిలో కాదు, టైటాన్ చలిలో. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మీథేన్‌ను 80 కెల్విన్ల దాకా చల్లబరిచి లేజర్ కాంతితో కొలిచిన గీతల పట్టికలు, డిజోన్‌లో కట్టిన సిద్ధాంత లెక్కలు వచ్చాకే కిటికీల లోపలి శోషణను నమ్మకంగా తీసివేయడం సాధ్యమైంది. అంతరిక్ష నౌకల పేర్లు పత్రికల్లో పెద్దక్షరాలతో పడతాయి. ఏళ్ల తరబడి గీతలు కొలిచిన ప్రయోగశాలలకు ఆ గుర్తింపు దక్కదు. కాని శని చుట్టూ తిరిగిన కాసిని నౌక సమాచారానికి అర్థం కల్పించినవి అవే.

కాసిని: గాలిని చదవడం

1997 అక్టోబరు 15న బయలుదేరిన కాసిని–హైగెన్స్ 2004లో శని కక్ష్యలో చేరింది. 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలో మండిపోయేలోగా టైటాన్‌ను 127 సార్లు దగ్గరగా దాటింది. దాని మీద పరారుణ పరికరాలు రెండు. విమ్స్ 0.35 నుంచి 5.1 మైక్రాన్ల దాకా 352 తరంగదైర్ఘ్యాల్లో బొమ్మలు తీసేది. బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక పూర్తి వర్ణపటం ఉంటుంది. ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బ్రౌన్ దానికి సారథి. సిర్స్ 7 నుంచి 1,000 మైక్రాన్ల దాకా సెగను కొలిచేది. అందులో వచ్చిన కాంతిని రెండు దారులుగా చీల్చి, ఒక దారిలో అద్దాన్ని మెల్లగా జరుపుతూ మళ్లీ కలుపుతారు. కలిసినప్పుడు పుట్టే హెచ్చుతగ్గులను గణితంతో విప్పితే వర్ణపటం వస్తుంది.

సిర్స్ పని మీథేన్‌తోనే మొదలవుతుంది. స్ట్రాటోస్ఫియర్‌లో మీథేన్ సుమారు 1.4 శాతమని, ఎక్కడైనా దాదాపు ఇంతే ఉంటుందని తీసుకుంటే, 7.7 మైక్రాన్ల పట్టీ ఎంత ప్రకాశంగా ఉందన్నది గాలి వేడి మీదే ఆధారపడుతుంది. అలా పొర పొరకూ ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఉష్ణోగ్రత తెలిశాక తక్కిన వాయువుల గీతల ప్రకాశాన్ని బట్టి వాటి పాళ్లు లెక్కగడతారు. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాల నుంచి గాలుల వేగం కూడా రాబట్టారు. చలికాలపు ఉత్తరార్ధగోళంలో ఎత్తైన పొరల గాలి సెకనుకు 190 మీటర్ల దాకా వీస్తోంది. టైటాన్ తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 16 రోజులు పడుతుంది. దాని గాలి మాత్రం నేల కంటే ఎన్నో రెట్లు వేగంగా చుట్టేస్తోంది.

శని సంవత్సరం మన లెక్కలో 29 ఏళ్లకు పైమాటే. కాసిని ఉత్తరార్ధగోళపు చలికాలం నడుమ వచ్చి, వేసవి మొదలయ్యేదాకా ఉంది. 2009 ఆగస్టులో విషువత్తు దాటాక దక్షిణ ధ్రువం మీద పై గాలి కిందికి దిగడం మొదలైంది. పైన తయారైన హైడ్రోజన్ సయనైడ్, సయనో ఎసిటిలీన్ వంటివి ఆ గాలితో దిగి అక్కడ పోగుపడటాన్ని సిర్స్ చూసింది. 2012లో అక్కడే 300 కి.మీ. ఎత్తున గుండ్రంగా తిరిగే మేఘం కనిపించింది. అంత ఎత్తున మేఘం ఏర్పడుతుందని ఎవరూ అనుకోలేదు. విమ్స్ వర్ణపటంలో దాని గుర్తు గడ్డకట్టిన హైడ్రోజన్ సయనైడ్‌తో సరిపోయింది. అది గడ్డకట్టాలంటే ఆ ఎత్తున గాలి, నమూనాలు చెప్పిన దానికంటే సుమారు 100 డిగ్రీలు చల్లబడి ఉండాలి. అలా ఒక మేఘపు వర్ణపటం వాతావరణ లెక్కలనే తిరగరాయించింది.

2013లో ప్రకటించిన ప్రొపీన్ సంగతి వేరు. వాయేజర్ కాలంలోనే మూడు కార్బన్ల వరసలో ప్రొపేన్, మిథైల్ ఎసిటిలీన్ దొరికాయి. వాటి మధ్య ఉండవలసిన ప్రొపీన్ దొరకలేదు. దాని గీతలు పక్కనున్న బలమైన గీతల కింద మరుగుపడ్డాయి. కానర్ నిక్సన్ బృందం సిర్స్ వర్ణపటాల నుంచి ఆ బలమైన గీతలను ఒక్కొక్కటిగా తీసివేసి దాన్ని బయటికి లాగింది. ప్లాస్టిక్ డబ్బాల తయారీకి వాడే పదార్థానికి మూలమైన ఈ వాయువు మరో ప్రపంచంలో ఖచ్చితంగా గుర్తింపబడటం విశేషమే. కాని అసలు లాభం వేరే చోట ఉంది: టైటాన్ రసాయన గొలుసులో ముప్పై ఏళ్లుగా తప్పిపోయిన లంకె దొరికింది.

ఐసోటోపుల కొలతలు ఇంకా లోతుకు తీసుకెళ్తాయి. భూమి గాలిలో బరువైన నైట్రోజన్ పరమాణువు ఒకటుంటే మామూలువి 272 ఉంటాయి. టైటాన్ హైడ్రోజన్ సయనైడ్‌లో ఒకటికి దాదాపు 60 మాత్రమే. నైట్రోజన్ అణువులను ఎండ విరగ్గొట్టే పద్ధతిలో బరువైన ఐసోటోపు ఎక్కువగా విడుదలవుతుందన్నది దీనికి ఒక వివరణ.

నేల: తెలిసినది, తేలనిది

2005 జనవరి 14న హైగెన్స్ పారాచూట్‌తో టైటాన్ మీద దిగింది. దాని పరికరం 700 మీటర్ల ఎత్తున తన దీపం తానే వెలిగించుకుని, ఆ వెలుగులో నేల వర్ణపటం తీసింది. గాలి అడ్డు దాదాపు లేకుండా టైటాన్ నేలను పరారుణంలో చూసిన సందర్భం అదొక్కటే. నీటి మంచును తలపించే 1.5 మైక్రాన్ల పల్లం అందులో ఉంది. కాని నీటి మంచుకు ఉండవలసిన తక్కిన చిన్న పట్టీలు లేవు. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ప్రకాశం తగ్గుతూ పోయే ఆ వాలుకు సరిపోయే పదార్థం ప్రయోగశాల నమూనాల్లో దొరకలేదు. అంత దగ్గరి నుంచి చూస్తేనే ఇలా ఉంటే, కక్ష్యలోంచి ఏడు సన్నని కిటికీల గుండా చూసి పదార్థాల పేర్లు చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఘన పదార్థాల పట్టీలు వాయువుల గీతల్లా పదునుగా ఉండవు, వెడల్పుగా పరుచుకుంటాయి. ఆ పట్టీలో సగం కిటికీ బయట పడి కనబడకుండా పోతుంది.

అయినా కొన్ని విషయాలు గట్టిగానే తేలాయి. దక్షిణ ధ్రువం దగ్గర 230 కి.మీ. పొడవున్న ఒంటారియో సరస్సు మీద 2007 డిసెంబరులో తీసిన వర్ణపటాల్లో, 2 మైక్రాన్ల కిటికీలో ద్రవ ఈథేన్ గుర్తు కనిపించింది. 2008లో ఈ ఫలితం అచ్చయింది. భూమికి అవతల ఒక సరస్సులోని ద్రవం ఏమిటో నిర్ధారించడం అదే మొదలు. 2009 జులై 8న ఉత్తరాన క్రాకెన్ సముద్రపు అంచున 5 మైక్రాన్లలో సూర్యుడి తళుకు పడింది. అద్దంలా నునుపైన ద్రవం ఉంటే తప్ప అలాంటి తళుకు రాదు. 2016 జూన్‌లో ఉత్తర ధ్రువం దగ్గర అంతకుముందు లేని మెరుపు ఒకటి కనబడితే, రజనీ ధింగ్రా నాయకత్వాన జరిగిన అధ్యయనం అది వానకు తడిసిన నేల అని వివరించింది. వాతావరణ నమూనాల ప్రకారం ఆ వేసవి వానలు అప్పటికే కురుస్తూ ఉండాలి. అంతకాలం వాటి జాడ లేకపోవడం ఒక చిక్కుముడిగా ఉండేది.

మధ్యరేఖ వెంట పరుచుకున్న ఇసుక తిన్నెలు కిటికీలన్నిటిలోనూ నల్లగా ఉంటాయి. అవి నీటి మంచు ఇసుక కాదు, పైనుంచి రాలిన సేంద్రియ పదార్థపు ఇసుక అన్న అభిప్రాయానికి ఇదే ఆధారం. తుయీ, హోతేయీ అనే ప్రాంతాలు 5 మైక్రాన్లలో విపరీతంగా మెరుస్తాయి. ఎండిపోయిన పాత సరస్సుల అడుగున మిగిలిన మేటలు అవి అన్న వాదానికి బలం ఎక్కువగా కనిపిస్తుంది. 2019లో గ్రిఫిత్ బృందం విమ్స్ కొలతలను గణాంక పద్ధతిలో జల్లెడపట్టి, మంచు ఎక్కువగా బయటపడిన పట్టీ ఒకటి 6,300 కి.మీ. పొడవున సాగిందని చూపింది. టైటాన్ చుట్టుకొలతలో అది 40 శాతం. ఒక్కో వర్ణపటాన్ని విడిగా చూస్తే ఆనని సంగతి, వేల వర్ణపటాలను పోల్చినప్పుడు తేలింది.

నేల ఉష్ణోగ్రతను సిర్స్ 19 మైక్రాన్ల కిటికీలోంచే పదమూడేళ్లు కొలిచింది. మధ్యరేఖకూ ధ్రువాలకూ మధ్య తేడా కొద్ది డిగ్రీలే. అయినా అన్నిటికంటే వెచ్చని అక్షాంశం దక్షిణార్ధం నుంచి ఉత్తరార్ధానికి ఎండతో పాటు జరుగుతూ వచ్చింది.

ఇతర ఉపగ్రహాలు

గాలి దాదాపు లేని ఉపగ్రహాల్లో ఈ పద్ధతి మరోలా పనికొస్తుంది. గురుగ్రహపు ఉపగ్రహం అయో అగ్నిపర్వతాల నుంచి వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్‌ను 1979లో వాయేజర్ ఐరిస్ పట్టింది. గురుడి మరో ఉపగ్రహం యూరోపా మంచులో కలిసిన పదార్థం లవణమా, సల్ఫ్యూరిక్ ఆమ్లమా అన్న చర్చ గెలీలియో నౌక వర్ణపటాలతో మొదలై ఇప్పటికీ సాగుతోంది. శని ఉపగ్రహం ఎన్‌సెలాడస్ దక్షిణ ధ్రువపు పగుళ్ల నుంచి సెగ వస్తోందని 2005లో సిర్స్ కనుగొంది. నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటాన్ మీద గడ్డకట్టిన నైట్రోజన్ 2.15 మైక్రాన్ల దగ్గర బలహీనమైన పట్టీ చూపుతుంది; వాయువుగా మౌనంగా ఉండే ఈ అణువు ఘనరూపంలో ఒత్తుకున్నప్పుడు ఇలా కాస్త నోరు విప్పుతుంది.

మన చంద్రుడి విషయంలో మలుపు తిప్పిన కొలత ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి వెళ్లిన నౌకదే. 2008 అక్టోబరు 22న ప్రయోగించిన చంద్రయాన్-1 మీది నాసా పరికరం చంద్రుడి నేల మీద 2.8–3.0 మైక్రాన్ల దగ్గర శోషణను పట్టింది. హైడ్రాక్సిల్ లేదా నీరు ఉందనడానికి అది గుర్తని 2009లో ప్రకటించారు. కాని ఆ పరికరం చూపు 3 మైక్రాన్లతో ఆగిపోయింది. 3 మైక్రాన్ల పట్టీ పూర్తి ఆకారం కనబడితే గాని హైడ్రాక్సిల్‌ను నీటి నుంచి విడదీయలేరు. పైగా అక్కడ నేల సెగ కూడా కలుస్తుంది, దాన్ని తీసివేయాలి. 2019లో వెళ్లిన చంద్రయాన్-2 కక్ష్యానౌక మీది ఇస్రో వర్ణపటమాపకం 0.8 నుంచి 5 మైక్రాన్ల దాకా చూసేలా తయారైంది అందుకే.

వెబ్ దూరదర్శిని, ఆ తర్వాత

కాసిని పోయాక టైటాన్‌ను చూసే ప్రధాన సాధనం జేమ్స్ వెబ్ దూరదర్శిని. 2022 నవంబరులో అది ఉత్తరాన క్రాకెన్ సముద్రం దగ్గర మబ్బులను చూసింది. రెండు రోజుల తర్వాత హవాయిలోని కెక్ దూరదర్శినితోనూ చూసి వాటి మార్పును నమోదు చేశారు. కాసిని పరికరాలు చూడలేని తరంగదైర్ఘ్యాలు దీనికి అందుతాయి: విమ్స్ 5.1 మైక్రాన్ల దగ్గర ఆగితే సిర్స్ 7 దగ్గర మొదలయ్యేది, నడుమ ఖాళీ ఉండేది. 2025లో అచ్చయిన ఫలితాల్లో నిక్సన్ బృందం రెండు కొత్త సంగతులు చెప్పింది. ఉత్తరార్ధగోళంలో మబ్బులు కింది నుంచి పైకి పొంగుతున్నాయన్నది ఒకటి. మీథేన్ విరిగిన వెంటనే మిగిలే మిథైల్ ముక్కను సూటిగా చూడటం రెండోది. ఆ ముక్క క్షణాల్లో మరో దానితో కలిసిపోతుంది. రెండు కలిస్తే ఈథేన్. సరస్సుల్లో చేరే ఈథేన్ తయారీలో మొదటి, చివరి మెట్లు మాత్రమే ఇన్నాళ్లూ కనబడ్డాయి. ఇప్పుడు నడిమి మెట్టు కూడా వర్ణపటంలోకి వచ్చింది.

2028 జులైలో ప్రయోగించి 2034లో దించాలని నాసా తలపెట్టిన డ్రాగన్‌ఫ్లై, రెక్కల చక్రాలతో టైటాన్ గాలిలో ఎగిరే నౌక. షాంగ్రి-లా ఇసుక తిన్నెల్లో, సుమారు 80 కి.మీ. వెడల్పున్న సెల్క్ బిలం దగ్గర దాన్ని దించుతారు. ఉల్కాపాతపు వేడికి కరిగిన మంచు నీరు, సేంద్రియ పదార్థాలు అక్కడ కొంతకాలం కలిసి ఉండి ఉంటాయన్నది ఆ చోటును ఎంచుకోవడానికి ముఖ్య కారణం. బిలం చుట్టూ నేలలో వైవిధ్యం ఉందని విమ్స్ పటాలు చూపాయి. నౌక నేలను తవ్వి తీసిన పొడిని లోపలి ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో పరీక్షిస్తుంది. ఇసుక తిన్నెల నల్లదనం, బిలం చుట్టూ మంచు గుర్తులు, హైగెన్స్ చూసిన ఆ వివరణ లేని వాలు దేనివల్ల ఏర్పడ్డాయో అప్పుడు పదార్థాన్ని చేతబట్టి తేల్చుకోవచ్చు.